హైడ్రోజన్ నీళ్లు తాగితే షుగరు దిగుతుందా?

"షుగరుకు హైడ్రోజన్ నీళ్లు పనిచేస్తాయంట, కొనమంటారా?" షుగరు ఉన్న ఇంట్లో ఈ ప్రశ్న ఇప్పుడు తరచుగా వస్తోంది. ఫోనులో ఒక వీడియో కనబడుతుంది. సీసా అడుగున నీలం దీపం వెలుగుతుంది, నీళ్లలో సన్నని బుడగలు లేస్తాయి, ఈ నీళ్లు తాగితే మూడు నెలల్లో షుగరు దారికొస్తుందని ఒక గొంతు నమ్మకంగా చెబుతుంది. సీసా అయితే కొన్ని వేలు. వంటగది గోడకు బిగించే యంత్రమైతే లక్ష దాటుతుంది.

అనంతపురం పీఠభూమి మీద ఈ ప్రశ్నకు మరింత బరువుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే చోటు ఇది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య రుతుపవనం ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తుంది. చెరువు ఎండితే బోరు, బోరు ఎండితే ఇంకా లోతు బోరు. రాతి పొరల నుంచి వచ్చే ఆ నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఉంటుంది. గారపట్టిన పళ్లతో పిల్లలు, వంగిన నడుముతో పెద్దలు ఉన్న ఊళ్లు ఇక్కడివాళ్లకు కొత్త కాదు. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం ఏడు వందలకు పైగా గ్రామాలకు నీళ్లు చేర్చింది. ఆ తర్వాత ఇరవై లీటర్ల క్యాన్ వీధివీధికీ వచ్చింది. నీళ్లు మారితే ఒళ్లు మారుతుందని ఈ జనం పుస్తకంలో చదవలేదు, తమ ఎముకల్లో చూశారు. కాబట్టి 'ఈ నీళ్లు మంచివి' అని ఎవరైనా అంటే వాళ్లు చెవి ఒగ్గుతారు. అందులో తప్పేమీ లేదు. వాళ్లకు చెప్పే జవాబు కూడా అంతే శ్రద్ధగా ఉండాలి. కొట్టిపారేయడం తేలిక, నమ్మేయడం ఇంకా తేలిక. ఈ అధ్యాయంలో ఆ రెండూ చెయ్యం.

నీళ్లలో హైడ్రోజన్ ఉండనే ఉంది కదా?

బడికి వెళ్లిన ఎవరికైనా మొదట వచ్చే అనుమానం ఇదే. నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు ఉంటాయి. కానీ ఆ హైడ్రోజన్ ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది. మనం తాగినంత మాత్రాన కడుపులో విడిపోయి వాయువుగా బయటికి రాదు. హైడ్రోజన్ నీళ్లు అనే మాటకు అర్థం వేరు. రెండు హైడ్రోజన్ పరమాణువులు తమలో తాము జతకడితే హైడ్రోజన్ వాయువు అవుతుంది. ఆ వాయువును మామూలు నీళ్లలో కరిగిస్తే హైడ్రోజన్ నీళ్లు.

గోళీసోడాను తలచుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. సోడాలో కార్బన్ డయాక్సైడ్ వాయువు కరిగి ఉంటుంది. గోళీని లోపలికి నొక్కగానే బుస్సుమంటుంది, గ్లాసులో పోసి కాసేపు వదిలేస్తే చప్పబడుతుంది. హైడ్రోజన్ నీళ్లు కూడా అంతే, కాకపోతే ఇంకా త్వరగా చప్పబడే సోడా. మామూలు గది వేడిమిలో, మామూలు గాలి ఒత్తిడిలో లీటరు నీళ్లు గ్రామున్నర దాకా కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోగలవు. అవే నీళ్లు పట్టుకోగలిగే హైడ్రోజన్ 1.6 మిల్లీగ్రాములే. పైగా అణువులన్నిటిలోకీ హైడ్రోజన్ అణువు చిన్నది. ప్లాస్టిక్ సీసా గోడల గుండా కూడా మెల్లగా జారుకుంటుంది. జపాన్‌లో ఈ నీళ్లను అల్యూమినియం సంచుల్లో అమ్మేది అందుకే. మరిగిస్తే అసలేమీ మిగలదు. పొద్దున పట్టి మూతలేని చెంబులో పెట్టుకుని మధ్యాహ్నం తాగేవారు వట్టి నీళ్లు తాగుతున్నట్టే.

వాయువును నీళ్లలోకి ఎక్కించే దారులు మూడు. ఒత్తిడి పెట్టి నేరుగా నింపడం ఫ్యాక్టరీ పద్ధతి. కరెంటుతో నీటిని విడగొట్టి ఒక ధ్రువం దగ్గర పుట్టే హైడ్రోజన్‌ను ఆ నీళ్లలోనే కరగనివ్వడం సీసాల, యంత్రాల పద్ధతి. మెగ్నీషియం లోహం కలిపిన మాత్రను నీళ్లలో వెయ్యడం మూడోది. మెగ్నీషియం నీటితో కలిసి మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా మారుతూ హైడ్రోజన్‌ను వదులుతుంది. మాత్ర వేసిన గ్లాసును బుడగలు ఆగకముందే తాగెయ్యమంటారు. ఆ కొద్ది నిమిషాలు నీళ్లలో మామూలు హద్దుకు మించి వాయువు ఉంటుంది.

ఇక్కడే ఒక గందరగోళం తీర్చుకోవాలి. చాలామంది అమ్మకందార్లు హైడ్రోజన్ నీళ్లను, ఆల్కలైన్ నీళ్లను ఒకటిగానే చెబుతారు. కరెంటుతో విడగొట్టినప్పుడు హైడ్రోజన్ పుట్టే ధ్రువం దగ్గరే నీళ్లకు క్షారగుణం కూడా వస్తుంది కాబట్టి రెండూ ఒకే పంపులో బయటికొస్తాయి. కానీ ఆ కాస్త క్షారగుణం కడుపులోని ఆమ్లం ముందు నిలవదు. పరిశోధకులు షుగరు విషయంలో ఆసక్తిగా చూస్తున్నది కరిగిన వాయువును. దాన్ని కొలవడానికి ప్రత్యేకమైన పరీక్ష కావాలి. పీహెచ్ కాగితం రంగు మారిందనో, టీడీఎస్ మీటరులో అంకె మారిందనో చూపిస్తే అది హైడ్రోజన్‌కు రుజువు కాదు.

మన బోరు నీళ్లకు సంబంధించి మరో రెండు మాటలు చెప్పక తప్పదు. ఉప్పదనం ఎక్కువున్న నీళ్లలో కరెంటు పంపితే, రెండు ధ్రువాల నీళ్లనూ విడిగా ఉంచే పొర సరిగా లేని చవక సీసాలో రెండో ధ్రువం దగ్గర క్లోరిన్ కూడా పుట్టవచ్చు. ఇక హైడ్రోజన్ సీసా ఫ్లోరైడ్‌ను తియ్యదు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చని భారతీయ ప్రమాణం. ఆ అంకె దాటిన నీళ్లలోకి ఎంత హైడ్రోజన్ ఎక్కించినా అవి ఫ్లోరైడ్ నీళ్లే.

ఐదు గుర్తులు

ఈ నీళ్ల మీద జరిగిన మంచి పరిశోధనలు కొన్ని షుగరు జబ్బు ముదిరినవారి మీద కాక, దానికి ముందు మెట్టు మీద ఉన్నవారి మీద జరిగాయి. ఆ మెట్టును వైద్యులు మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. మనం జీవక్రియల తడబాటు అనుకుందాం. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వైద్యుడు జెరాల్డ్ రీవెన్ 1988లో ఒక ప్రసంగంలో దీన్ని సిండ్రోమ్ ఎక్స్ అన్నాడు. బీపీ, షుగరు, కొవ్వు తేడాలు ఒకే మనిషిలో గుంపుగా కనబడటం యాదృచ్ఛికం కాదని, వాటి కింద ఒకే వేరు ఉందని ఆయన వాదన.

గుర్తులు ఐదు. నడుము చుట్టుకొలత దక్షిణాసియా మగవారిలో 90 సెంటీమీటర్లు, ఆడవారిలో 80 చేరడం. రక్తంలో ట్రైగ్లిసరైడ్ కొవ్వులు 150 చేరడం. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ మగవారిలో 40 కన్నా, ఆడవారిలో 50 కన్నా తగ్గడం. బీపీ 130 బై 85 చేరడం. పరగడుపు షుగరు 100 చేరడం. వీటిలో ఏ మూడున్నా ఆ మనిషి తడబాటులో ఉన్నట్టే. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. కొలతటేపు, బీపీ పరికరం, పరగడుపున తీసిన కాస్త రక్తం మాత్రమే దీన్ని పట్టిస్తాయి. ముప్పై ఏళ్లు దాటినవారికి బీపీ, షుగరు పరీక్షలు ఊళ్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితమే.

రీవెన్ చెప్పిన ఆ ఒకే వేరు ఇన్సులిన్ నిరోధకత. అన్నం తిన్నాక రక్తంలో పెరిగిన గ్లూకోజును కండరాలు, కొవ్వు కణాలు లోపలికి తీసుకోవాలని, కాలేయం తన సొంత గ్లూకోజు తయారీని ఆపాలని చెప్పేది ఇన్సులిన్. కాలేయంలో, కండరాల్లో కొవ్వు పేరుకున్నకొద్దీ ఆ మాట వాటికి సరిగా అందదు. అదే పని చేయించడానికి క్లోమం మరింత ఇన్సులిన్‌ను వదులుతుంది. కొన్నేళ్లు అలా నెట్టుకొస్తుంది. అలసిపోయిన రోజున షుగరు బయటపడుతుంది.

కరువు నేలలో, ఎండలో కష్టం చేసిన ఒళ్లకు ఇదెలా వచ్చింది? భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రకటించిన దేశవ్యాప్త సర్వేలో 10.1 కోట్ల మందికి షుగరు జబ్బు, మరో 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నట్టు అంచనా వేసింది. ఇది పట్నాల జబ్బు, పొట్ట ఉన్నవాళ్ల జబ్బు అనుకునే రోజులు పోయాయి. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ చాలా ఏళ్లుగా చెబుతున్నదేమంటే, భారతీయ పసిబిడ్డ బరువులో తక్కువగా పుట్టినా ఒంట్లో కొవ్వు పాలు తక్కువ కాదు, కండ తక్కువ. పైకి బక్కగా, లోపల కొవ్వుగా ఉండే శరీరం ఇది. కడుపులో ఉన్నప్పుడే తిండి తక్కువైన బిడ్డ ఒళ్లు పొదుపుకు అలవాటుపడుతుంది. పెద్దయ్యాక తెల్లన్నం పుష్కలంగా దొరికి, నడక తగ్గినప్పుడు ఆ పొదుపే ముప్పు అవుతుంది.

దీనికి తెలుగు నేల మీదే గట్టి సాక్ష్యం ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 వరకు నగరం చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందేలా చూసింది. మరికొన్ని పల్లెల్లో అది లేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసులోకి వచ్చాక మళ్లీ వెతికి పట్టుకుని పరీక్షించారు. అదనపు ఆహారం అందిన పల్లెల పిల్లల్లో ఇన్సులిన్ నిరోధకత తక్కువగా, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఈ ఫలితాన్ని చదివినప్పుడల్లా నాకు అనంతపురం కరువులే గుర్తొస్తాయి. కరువు ఏడాది గర్భంతో ఉన్న తల్లికి అందని ముద్ద లెక్క, యాభై ఏళ్ల తర్వాత బిడ్డ రక్తపరీక్షలో తేలవచ్చు.

తిండి కూడా మారింది. కొర్ర, సజ్జ, జొన్న, రాగి, ఆరికెలు పండిన చెలకలను చెనిక్కాయ పంట ఆక్రమించింది. నగదు వచ్చింది, వానను నమ్ముకున్న అప్పు కూడా వచ్చింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం మొదలయ్యాక, ఆకలి తీరినందుకు ఆ పథకానికి చేతులెత్తి మొక్కాల్సిందే, సంగటి ముద్ద ఉన్న కంచంలోకి తెల్లన్నం రోజువారీ తిండిగా వచ్చింది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ లాంటి సంస్థలు చిరుధాన్యాలను మళ్లీ పొలాల్లోకి తెచ్చే పని చేస్తున్నాయి. ఆ పని పొలానికే కాదు, క్లోమానికి కూడా సంబంధించింది.

నూనె ముక్కిపోయే రసాయనం

ఇంతకూ హైడ్రోజన్‌కు, షుగరుకు ముడి ఎక్కడ?

చెనిక్కాయ నూనె డబ్బా మూత తీసి వేసవిలో కొన్నాళ్లు వదిలేస్తే ముక్కిపోయిన వాసన వస్తుంది. గాలిలోని ఆక్సిజన్ నూనెలోని కొవ్వు అణువులను కొరకడం వల్ల వచ్చే వాసన అది. ఒక అణువు దెబ్బతింటే అది పక్క అణువును దెబ్బతీస్తుంది, ఆ గొలుసు సాగిపోతుంది. మన కణాల గోడలు కూడా కొవ్వుతో కట్టినవే. వాటిలోనూ ఇదే రసాయన చర్య జరుగుతుంది. నూనె ఎంత ముక్కిందో తేల్చే ఒక పరీక్షనే వైద్య పరిశోధకులు రక్తానికీ, మూత్రానికీ వాడతారు.

కణం తన పొయ్యిలో గ్లూకోజును, కొవ్వును మండించేటప్పుడు ఆక్సిజన్‌లో కొంత భాగం దుడుకు రూపాల్లోకి మారుతుంది. వాటిలో చాలావరకు శరీరానికి అవసరం. క్రిములను చంపడానికి, కణాల మధ్య కబుర్లకు అవి పనికొస్తాయి. ఒక్కటి మాత్రం ఎవరి మాటా వినదు. దాని పేరు హైడ్రాక్సిల్ రాడికల్. పుట్టిన చోటే, క్షణంలో కోటి వంతు కూడా గడవకముందే ఎదురుపడ్డదాన్నల్లా దెబ్బతీస్తుంది. షుగరు, కొవ్వు ఎక్కువగా తిరిగే రక్తంలో ఈ దుడుకు రూపాల పుట్టుక పెరుగుతుంది. ఇన్సులిన్ మాట కణానికి అందకపోవడంలో ఆ దెబ్బలకూ పాత్ర ఉంది.

2007లో టోక్యోలోని నిప్పన్ వైద్య విశ్వవిద్యాలయం నుంచి ఇకురో ఒహసావా, షిగేవో ఒహ్తా బృందం నేచర్ మెడిసిన్ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించింది. హైడ్రోజన్ వాయువు ఆ మొండి హైడ్రాక్సిల్ రాడికల్‌ను మట్టుకే ఏరి అణచివేస్తుందని, మిగతా పనికొచ్చే రూపాల జోలికి పోదని వారు చూపారు. మెదడుకు రక్తం ఆగిన ఎలుకలకు ఈ వాయువు పీల్పిస్తే నష్టం తగ్గింది. అంతవరకు వైద్యంలో ఏ పనీ చెయ్యని వాయువుగా పక్కన పెట్టిన హైడ్రోజన్ మీద ప్రపంచం దృష్టి పడింది ఆ వ్యాసంతోనే. ఈ రోజు ఫోనులో కనబడే ప్రతి ప్రకటనకూ మూలం అక్కడుంది.

అయితే ఒక చిక్కు ఉంది. హైడ్రాక్సిల్ రాడికల్ ఎంత దుడుకుదంటే, కణంలో కోట్ల కొద్దీ ఇతర అణువులు దానికి హైడ్రోజన్ కన్నా దగ్గరలో ఉంటాయి. కాస్తంత హైడ్రోజన్ వాటన్నిటినీ దాటి దాన్ని ఎలా పట్టుకోగలదు? ఈ ప్రశ్న వేసిన రసాయన శాస్త్రవేత్తలది న్యాయమైన సందేహం. అందుకే ఇప్పుడు చాలామంది పరిశోధకులు హైడ్రోజన్ నేరుగా పోరాడటం కాకుండా, కణం సొంత రక్షణ వ్యవస్థను మేల్కొలుపుతుందేమోనని చూస్తున్నారు. మందు ఎలా పనిచేస్తుందో తేలకపోయినా మందు పనిచెయ్యవచ్చు. కాబట్టి మనుషుల దగ్గరికి వెళ్లాలి.

మనుషుల మీద ఏం తేలింది?

2008లో క్యోటో వైద్యులు 30 మంది షుగరు రోగులకు, షుగరు సరిహద్దులో ఉన్న మరో ఆరుగురికి రోజూ 900 మిల్లీలీటర్ల హైడ్రోజన్ నీళ్లు ఎనిమిది వారాలు తాగించారు. అదే మనుషులకు మరో ఎనిమిది వారాలు మామూలు నీళ్లు ఇచ్చారు. ఏ నీళ్లు తాగుతున్నారో వారికి తెలియదు. దెబ్బతిన్న చెడు కొలెస్ట్రాల్ సుమారు 15 శాతం తగ్గింది. సరిహద్దులో ఉన్న ఆరుగురిలో నలుగురికి గ్లూకోజు పరీక్ష మామూలు స్థితికి వచ్చింది. ఆరుగురిలో నలుగురు అనే మాట ప్రకటనల్లో ఎంత దూరం ప్రయాణించిందో చెప్పలేను. కానీ ఆరుగురంటే ఒక ఆటోలో పట్టేంత మంది.

2010లో పిట్స్‌బర్గ్‌లో మెటబాలిక్ సిండ్రోమ్‌కు దగ్గరలో ఉన్న 20 మందికి ఎనిమిది వారాలు, రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు ఇచ్చారు. కొవ్వు ముక్కిపోయే గుర్తు మూత్రంలో 43 శాతం తగ్గింది, మంచి కొలెస్ట్రాల్ 8 శాతం పెరిగింది. పరగడుపు షుగరు మాత్రం కదల్లేదు. పైగా అందులో పోల్చడానికి మామూలు నీళ్ల గుంపు లేదు. చైనాలో 2013లో వచ్చిన మరో 20 మంది అధ్యయనం కూడా చెడు కొలెస్ట్రాల్ తగ్గిందనే చెప్పింది.

ప్రకటనకర్తలు ఎక్కువగా చూపించేది 2020లో వచ్చిన అధ్యయనం. పరిశోధకుడు టైలర్ లెబారన్ ముందుండి నడిపించగా, మొరాదాబాద్ వైద్యులు కూడా పాల్గొన్న పని అది. మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్న 60 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు 24 వారాలు మెగ్నీషియం మాత్రలతో చిక్కగా హైడ్రోజన్ నింపిన నీళ్లు, రోజుకు 11 మిల్లీగ్రాములకు మించి వాయువు అందేట్టు ఇచ్చారు. రెండో గుంపుకు చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రలు. హైడ్రోజన్ గుంపులో పరగడుపు షుగరు సగటున 121 నుంచి 103కు దిగింది. మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా 12 శాతం మేరకు తగ్గింది.

ఇది చిన్న తగ్గుదల కాదు. ఒక మంచి మందు సాధించేంత. అందుకే దీన్ని ఒకసారి విని ఊరుకోకూడదు, మరోచోట మరొకరు అదే చేసి చూడాలి. జపాన్‌లో 2021లో సుమారు 50 మంది షుగరు రోగుల మీద, అనేక ఆసుపత్రులు కలిసి, ఎవరికి ఏ నీళ్లో తెలియకుండా మూడు నెలలు చేసిన పరీక్షలో ఇన్సులిన్ నిరోధకతలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అక్కడ ఇచ్చినవి కరెంటుతో చేసిన, అంత చిక్కన కాని నీళ్లు. మోతాదు తేడా వల్ల ఫలితం మారిందా, లేక మొదటి ఫలితమే అదృష్టవశాత్తూ వచ్చిందా? ఇరవై, ముప్పై మంది ఉన్న గుంపులు దీన్ని తేల్చలేవు. షుగరు రోజురోజుకూ మారే అంకె. పెళ్లి భోజనం, నిద్ర లేని రాత్రి, చిన్న జ్వరం కూడా దాన్ని కదుపుతాయి. చిన్న గుంపులో ఇద్దరు ముగ్గురి అంకెలు బాగా పడిపోతే సగటు మొత్తం కిందికి జారుతుంది.

'నేను తాగాను, నాకు తగ్గింది' అనే సాక్ష్యాన్ని కూడా ఇదే కళ్లతో చూడాలి. మనిషి కొత్త వైద్యం వెతుక్కునేది అంకె బాగా పెరిగినప్పుడు. అలా పెరిగిన అంకె ఏమీ చెయ్యకపోయినా తర్వాతి పరీక్షలో కొంత దిగుతుంది. వేలు పోసి సీసా కొన్నవారు తీపి తగ్గిస్తారు, కూల్‌డ్రింకు బదులు నీళ్లు తాగుతారు, మాత్ర మరిచిపోరు. తగ్గడం నిజమే కావచ్చు. తగ్గించింది సీసా అని చెప్పాలంటే పక్కన మామూలు నీళ్ల గుంపు ఉండాలి.

మన పేగుల్లోని హైడ్రోజన్

ప్రకటనలు చెప్పని సంగతి ఒకటుంది. మనందరి ఒంట్లో హైడ్రోజన్ రోజూ పుడుతుంది. చిన్నపేగు అరిగించుకోలేని పీచు, పిండిపదార్థం పెద్దపేగుకు చేరితే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి హైడ్రోజన్‌ను వదులుతాయి. కొంత ఇతర సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది, కొంత అపానవాయువులో పోతుంది, కొంత రక్తంలో కలిసి ఊపిరితో బయటికొస్తుంది. పాలు అరగనివారిని గుర్తించడానికి వైద్యులు ఊపిరిలో హైడ్రోజన్‌ను కొలుస్తారు కూడా.

అమెరికా వైద్యుడు మైఖేల్ లెవిట్ 1969లో దీన్ని కొలిచాడు. ఖాళీ కడుపున ఉన్న ఆరోగ్యవంతుల పేగుల్లో నిమిషానికి దాదాపు పావు మిల్లీలీటరు హైడ్రోజన్ పుడుతోంది. పాలచక్కెరను పేగులోకి పంపాక అది ఆరేడు రెట్లయింది. ఇప్పుడు లెక్క చూడండి. లీటరు హైడ్రోజన్ నీళ్లలో ఉండే 1.6 మిల్లీగ్రాములంటే సుమారు 19 మిల్లీలీటర్ల వాయువు. పస్తున్నా గంటన్నరలోపు మన పేగులు అంత తయారు చేస్తాయి. 2020 అధ్యయనంలో రోజుకు ఇచ్చిన 11 మిల్లీగ్రాములు సుమారు 130 మిల్లీలీటర్లు. ఉలవచారు, కందిపప్పు, సంగటి తిన్న మధ్యాహ్నం పెద్దపేగు దానికి సులువుగా పోటీ వస్తుంది.

షుగరుకు వాడే అకార్బోస్ అనే మాత్ర పిండిపదార్థం అరుగుదలను నెమ్మదింపజేసి కొంత భాగాన్ని పెద్దపేగుకు పంపుతుంది. ఆ మాత్ర వేసుకున్నవారి ఊపిరిలో హైడ్రోజన్ పెరుగుతుందని 2009లో జపాన్ పరిశోధకులు కొలిచి చూపారు. ఆ మందు మేలులో హైడ్రోజన్‌కూ వాటా ఉందేమోనని వారి ఊహ. నీళ్లలో తాగిన హైడ్రోజన్ ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి, పది పదిహేను నిమిషాల్లో ఊపిరిలో శిఖరానికి చేరి, గంట అటూఇటూగా వెళ్లిపోతుంది. పేగుల్లోది గంటల తరబడి నిలకడగా వస్తుంది. ఆ ఒక్కసారి రావడంలోనే మేలు ఉందని హైడ్రోజన్ పక్షం వారు అంటారు. అది పరీక్షించదగ్గ మాటే. కానీ ఒంటికి హైడ్రోజన్ కరువైందని, దాన్ని సీసాతో తీర్చాలని ఎవరైనా చెబితే ఆ మాట నిలవదు.

అంకెలను పక్కపక్కన పెడితే

షుగరు సరిహద్దులో ఉన్నవారికి ఏది ఎంత పనిచేస్తుందో చాలా పెద్ద గుంపుల మీద తేలి ఉంది. అమెరికాలో 2002లో ఫలితాలు వెలువడిన అధ్యయనంలో 3,234 మంది ఉన్నారు. తిండి, నడక మార్చుకున్న గుంపులో షుగరు జబ్బుగా మారడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్న గుంపులో 31 శాతం. చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందం 531 మంది భారతీయుల మీద చేసిన పని 2006లో వచ్చింది. మూడేళ్లలో ఏమీ చెయ్యనివారిలో 55 శాతం మంది షుగరు రోగులయ్యారు. నడక, తిండి మార్చుకున్నవారిలో 39 శాతం. మెట్‌ఫార్మిన్ తీసుకున్నవారిలో 40 శాతం. మెట్‌ఫార్మిన్ చవక మాత్ర, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

చిరుధాన్యాల సంగతికొస్తే, హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ముందుండి 65 అధ్యయనాలను కలిపి 2021లో లెక్క తీసింది. చిరుధాన్యాలు ఎక్కువకాలం తిన్న షుగరు రోగుల్లో పరగడుపు షుగరు సగటున 12 శాతం, తిన్న తర్వాతి షుగరు 15 శాతం తగ్గింది. పాలిష్ బియ్యం రక్తంలో చక్కెరను లేపే సూచిక 70కి పైన ఉంటే, చిరుధాన్యాల సగటు 52.7. ఇందులో రాగి కన్నా కొర్రలు, ఊదలు మెరుగు. రాగిసంగటి మీద ప్రేమతో ఒక మాట: నూకలు సగం పోసి చేసిన పెద్ద ముద్దలు రెండు తింటే షుగరు లేవకుండా ఉండదు. ముద్ద చిన్నది చేసి, పక్కన పప్పు, ఆకుకూర, ఊరుబిండి పెంచితేనే లెక్క కుదురుతుంది.

హైడ్రోజన్ నీళ్ల వల్ల హాని పెద్దగా కనబడలేదు. అమెరికా ఆహార, మందుల సంస్థ 2014లో తాగే నీళ్లలో ఈ వాయువు కలపడానికి అభ్యంతరం చెప్పలేదు. కాబట్టి సీసా కొనేసినవారు భయపడనక్కరలేదు. రెండు చోట్ల మాత్రం జాగ్రత్త తప్పదు. కిడ్నీ దెబ్బతిన్నవారు మెగ్నీషియం మాత్రల నీళ్లు వైద్యుణ్ని అడగకుండా తాగకూడదు, ఎందుకంటే వారి ఒళ్లు మెగ్నీషియాన్ని సరిగా బయటికి పంపలేదు. రెండోది ఇంకా ముఖ్యం. ఈ నీళ్లు తాగుతున్నాం కదా అని షుగరు మాత్ర గానీ, ఇన్సులిన్ గానీ ఆపకూడదు. ఇన్సులిన్ మీద బతికేవారు అది ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణాపాయం రావచ్చు.

ఈ ప్రశ్న ఇక్కడితో ముగియాలని నేను కోరుకోవడం లేదు. దీన్ని అనంతపురం లాంటి చోటే పరీక్షించాలి. కరువు గర్భాల్లో పుట్టి పెరిగిన బక్కపలుచని మధ్యవయసువారిని కొన్ని వందల మందిని తీసుకోవాలి. అందరికీ ముందు ఫ్లోరైడ్ లేని నీళ్లే ఇవ్వాలి. ఒక గుంపుకు హైడ్రోజన్ మాత్ర, ఒక గుంపుకు అదే మెగ్నీషియం ఉండి హైడ్రోజన్ పుట్టించని మాత్ర, మూడో గుంపుకు మాత్రలేమీ లేకుండా కొర్రన్నం, ఉలవలు, సాయంత్రం నడక. ఏడాది పాటు మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ కొలవాలి. నడుము టేపు కూడా మరిచిపోకూడదు. గుంపులను చీటీ తీసి ఎంచాలి, మాత్ర ఏదో ఇచ్చేవారికీ తీసుకునేవారికీ తెలియకూడదు, ఖర్చు మాత్రలు అమ్మే కంపెనీది కాకూడదు. ఫలితం ఎటు వచ్చినా పరీక్షలో పాల్గొన్న ఊళ్లకు ముందుగా, తెలుగులో చెప్పాలి.